అత్తయ్య జడ

ఈ రోజు మా అత్తయ్యకి అసలు సంగతి చెప్పేశాను.

వచ్చే వారం ఆవిడ గుంటూరు వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నం సూట్‌కేస్ సర్దుకుంటూ, మా ఆరేళ్ళ అనన్యని కూడా తనతో పంపమని మళ్ళీ అడిగారు. పాపకి ఫిట్స్ తగ్గితే తిరుపతిలో తలనీలాలు ఇప్పిస్తానని ఎప్పుడో మొక్కుకున్నారట.

ఫిట్స్ తగ్గాయి. తగ్గించింది గంజాయి మొక్క నుంచి తీసిన నూనె. ఇక్కడ టెక్సస్‌లో డాక్టర్ రాస్తే ఇస్తారు. అదే సీసాతో ఇండియాలో దిగితే కేసు పెడతారు. మందు ఆపి పంపే ధైర్యం నాకు లేదు.

గంజాయి అనగానే ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. ఆవిడ మాత్రం, “డాక్టరిచ్చిన మందుకి పోలీసులేందమ్మాయ్?” అన్నారు.

“ఇక్కడా రాష్ట్రానికో చట్టం. పక్క రాష్ట్రానికి కార్‌లో తీసుకెళ్ళాలన్నా భయమే అత్తయ్యా,” అన్నాను.

ఆవిడ డెబ్భై దాటినా కుంకుడుకాయలు తప్ప ఇంకేదీ తగలనివ్వని తన జడని ముందుకి వేసుకుని నిమురుకున్నారు.

“పాపని కదిలించబాక. నా జుట్టు ఇచ్చొస్తాలే. స్వామికి నేను సర్దిచెప్పుకుంటా.”

సాయంత్రం ఆవిడకి నేనే తల దువ్వి జడ వేశాను. ఎంత మెల్లగా వేసినా త్వరగానే అయిపోయింది.

దేవుడికి సర్దిచెప్పే మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. ఈ చట్టాలు చేసేవాళ్ళకి ఎవరితో చెప్పించాలో మీలో ఎవరికైనా తెలుసా?