చప్పుడు రాని దెబ్బ

మా అక్క బతుకంతా దెబ్బలు కొట్టడంలోనే గడిచింది. మనుషుల్ని కాదు లెండి, తడి తువ్వాళ్ళని.

సినిమాలో హీరో పిడికిలి విలన్ దవడకు తగలదు, జానెడు దూరంలోనే ఆగిపోతుంది. తగిలిన చప్పుడు మా అక్కది. తెర మీద బొమ్మ చూస్తూ, మైకు ముందు నిలబడి తోలుసంచిని తడి తువ్వాలుతో బాదుతుంది. కత్తిపోటుకు క్యాబేజీ, ఎముక విరగడానికి క్యారెట్. సినిమాలో ఎంతమంది పోతే ఆ పూట మా ఇంట్లో అంత కూర.

అసలు ఆమె స్టూడియోలో చేరింది వేషాల బట్టలు ఉతకడానికి. ఆ బాదుడు విన్న సౌండు ఇంజనీరు ఆమెను పెరట్లోంచి నేరుగా మైకు ముందుకు లాక్కొచ్చాడు. అప్పటినుంచి అక్కడ అందరికీ ఆమె దెబ్బలావిడే.

బావ పోయాక అక్క కూతురు స్టూడియోలో ఆ మైకు గదిలోనే పెరిగింది. దాన్ని మేం పిచ్చుక అంటాం. బడి వదలగానే వచ్చి, మూల సోఫాలో హోంవర్కు చేసుకుంటూ, "అమ్మా, వాడి పక్కటెముక సరిగ్గా విరగలేదు, ఇంకో క్యారెట్ తియ్యి" అని సలహాలిచ్చేది. అక్క మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. పసిపిల్ల నోట ఆ మాటలేంటి?

ఒకరోజు బడి నుంచి ఫోనొచ్చింది. పిచ్చుక స్నేహితురాలు మెట్ల మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మన పిచ్చుక పక్కనే నిలబడి, "చాల్లే నటించకు, లే" అందట.

"ఇంట్లో ఏం చూపిస్తున్నారండీ పిల్లకి?" అని టీచరమ్మ అక్కను కడిగేసింది.

అక్క భుజానున్న సంచీ అయినా దించకుండా వంటింట్లో కూలబడిపోయింది. "నా చేతులతో నేనే దాన్ని బండరాయిని చేశానే. ఇక ఆ స్టూడియో గడప తొక్కను" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముందు దాన్నడుగు అక్కా. అడక్కుండానే శిక్ష వేసేసుకుంటావేంటి?"

అక్కకు ధైర్యం చాల్లేదు. నేనే లోపలికి వెళ్ళాను. పిచ్చుక మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"పిన్నీ, దాని చెయ్యి నిజంగా విరిగిందా?"

"విరిగింది. కట్టు కూడా కట్టారు."

"మరి చప్పుడు రాలేదే?"

నాకు అర్థం కాలేదు. గుమ్మంలోకి వచ్చిన అక్కకు మాత్రం వెంటనే అర్థమైంది.

"నేను బాగా విన్నాను పిన్నీ. విరిగితే చప్పుడవ్వాలి కదా. అవ్వలేదు. ఊరికే ఏడిపిస్తోందనుకున్నా" అంటూనే పిచ్చుక భోరుమంది. "అది ఏడుస్తుంటే లెమ్మన్నాను పిన్నీ!"

అక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చి తల్లీ, నిజం దెబ్బకు అంత చప్పుడు ఉండదే. ఉండదు కాబట్టే నన్ను పెట్టుకున్నారు" అంది. అని తనూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "చెవులతో కాదమ్మా, మొహం చూసి తెలుసుకోవాలి."

బడి అయ్యాక పిచ్చుక ఇక స్టూడియోకి కాకుండా నేరుగా ఇంటికే, నా దగ్గరికి రావాలని అప్పుడే తేల్చేశాం.

మర్నాడు ముగ్గురం ఆ పిల్లను చూడ్డానికి వెళ్ళాం. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మూతి ముడుచుకుని కూర్చుంది. పిచ్చుక తడబడుతూ సంగతంతా చెప్పింది. ఆ పిల్ల కోపం ఎగిరిపోయి, "అయితే నా చెయ్యి ఎలా చప్పుడవ్వాలట?" అని అడిగింది.

అక్క సంచీలో క్యారెట్ ఎప్పుడూ ఉంటుంది. తీసి ఫట్టుమని విరిచింది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. వాళ్ళమ్మా నవ్వింది, నేనూ నవ్వాను. హుషారొచ్చిన అక్క ఇంకోటి తీసింది.

"అమ్మా, ఆపు" అంది పిచ్చుక. "నవ్వితే చెయ్యి కదిలి దానికి నొప్పి పుడుతోంది."

అప్పుడు చూశాం మేం. ఆ పిల్ల నవ్వుతూనే పెదవి కొరుక్కుంటోంది. నొప్పని మాత్రం పైకి అనలేదు. పిచ్చుక లేచి వెళ్ళి, ఆ చెయ్యి కింద దిండు మెల్లగా సర్దింది.

అక్క రెండో క్యారెట్‌ను మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.