ఖాళీ గుట్ట

ఆశమ్మ పదేండ్లుగ అశోక్ నగర్‌ల విద్యావతి మేడమ్ ఇంట్ల వంట చేస్తున్నది. మొన్న ఆదివారం మేడమోళ్లు కొత్తగా కొన్న కాటేజీకి పోతూ, వండిపెట్టనీకి ఆమెను గూడ కార్ల ఎక్కించుకున్నరు. కారు ఆగినంక చూస్తే అది ఆశమ్మ పుట్టిన గుట్టనే. పొలాలు అమ్ముకొని ఊరోళ్లంత పట్నం బస్తీలల్ల పడ్డరు. ఇండ్లు పోయినయి, బాట పోయింది. కాటేజీ ముందర గడ్డి పరిచిన జాగను మాత్రం ఆమె చింతచెట్టు మొద్దును బట్టి గుర్తుపట్టింది. అవ్వా అని పిల్చుకున్న తల్లిని మట్టి చేసింది ఆడనే.

ఇప్పుడు ఆడ కుర్చీలేసుకొని పక్క కాటేజీలోళ్లు ముచ్చట్లు పెట్టిన్రు.

"మీదేడ?"

"నారాయణగూడ. మీది?"

"చిక్కడపల్లి! అరె, గుట్టంత మన పట్నమోళ్లే ఉన్నరు గదా!"

ఒకటే నవ్వులు.

కోడికూర దించంగనే ఆశమ్మ ఇంత అన్నం, రెండు ముక్కలు ఆకుల పెట్టి తెచ్చి గడ్డి మీద పెట్టింది. పోయినోళ్లకు పెట్టకుండ ఉన్నోళ్లకు ఎట్ల వడ్డిస్తది?

"ఏందది ఆశమ్మా? చీమలొస్తయి, తియ్యి," అన్నది మేడమ్.

చిక్కడపల్లి పెద్దమనిషి నవ్వుకుంట అడిగిండు. "నీదేడమ్మా?"

"ఈడనే సార్."

"ఈడ ఎవరుంటరు? ఖాళీ గుట్ట అని చెప్పే గదా మాకు అమ్మింది!"

ఆశమ్మ ఆకు తియ్యలే. ఆయన కాళ్ల దిక్కు చూసింది.

"జర కుర్చీ జరుపుండ్రి సార్. కింద మా అవ్వ ఉన్నది."