తారులో దిగిన దబ్బనం

నా చిన్నప్పుడు, మా ఊరికి తారురోడ్డు పడుతున్న వేసవిలో, ఏ మాటనూ ప్రశ్నించకుండా ఒప్పుకోకూడదన్న పట్టుదల నాకు మెండుగా ఉండేది. బందరుకు దిగువన, సముద్రపు వేట మీద బతికే పల్లె మాది. వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో పడవలను ఒడ్డుకు లాగి బాగుచేసుకోవడం అక్కడి ఆనవాయితీ. మా తాతయ్య తన చెక్కపడవ పలకల సందుల్లో నూలు కూరి, బందరు కొట్టు నుంచి తెచ్చిన గట్టి తారు దిమ్మను కరిగించి పైన పోసేవారు. నిషేధం తొలగిన మొదటి ఉదయమే పడవ నీళ్లలోకి దిగాలి. ఆ తొలి వేట మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకునేవాళ్లం.

ఆ ఏడు పని ముగియకముందే దిమ్మ అయిపోవచ్చింది. మళ్లీ బందరు వెళ్లాలని తాతయ్య అనుకుంటుంటే నాకది అర్థం లేని శ్రమగా తోచింది. ఊరి మొదట రోడ్డు పనివాళ్ల దగ్గర డ్రమ్ములకొద్దీ తారు ఉంది. అదీ నలుపే, ఇదీ నలుపే. అదీ అంటుకునేదే, ఇదీ అంటుకునేదే. నా వాదనలో నాకు లోపమే కనిపించలేదు. గుడివాడ వైపు నుంచి వచ్చిన రోడ్డు మేస్త్రి గారిని అడిగి, చల్లారిన తారు ఒక డబ్బాడు తెచ్చుకున్నాను. దేనికని ఆయన అడిగితే ఆడుకోవడానికన్నాను. తాతయ్య టీకి వెళ్లిన సమయం చూసి, పొయ్యి మీద కరుగుతున్న మూకుడులోకి దాన్ని గీకి వేశాను. రంగు ఏమాత్రం మారలేదు. ఈసారి సరుకు బాగా కలిసివచ్చిందని, దిమ్మలో ముక్క కూడా మిగిలిందని మురిసిపోతూ ఆయన సందులన్నీ నింపారు.

మర్నాటి మధ్యాహ్నపు ఎండకు సందుల్లోంచి తారు జారి పడవ పొడవునా చారలు కట్టింది. తొలి వేటకు ఇంకొక్క రోజే ఉంది.

"ఇన్నేళ్ల నుంచి వాడి గుమ్మం తొక్కుతున్నందుకు కల్తీ సరుకు అంటగడతాడా!" అని తాతయ్య మండిపడ్డారు. ఇకపై తాను వెళ్లనని, ఊళ్లో ఇంకెవరినీ ఆ కొట్టుకు వెళ్లనివ్వనని నలుగురిలో అనేశారు. నేను మెల్లగా పడవ వెనక్కి జరిగాను.

కేకలు విని మేస్త్రి గారు వచ్చారు. "ఆగు బాబాయ్, తారును చూడకుండా మనిషిని తిడితే ఎట్లా? ఓ దబ్బనం పట్రండి" అన్నారు. నీడలో ఒక చెక్క మీద మూడు ముద్దలు పెట్టారు: మిగిలిన దిమ్మ ముక్క, పడవ సందులోంచి గీకింది, తన డ్రమ్ములోది. గోనెసంచులు కుట్టే ఆ దబ్బనాన్ని ఒక్కొక్కదాని మీద నిలబెట్టి, పైన ఒకే రాయి ఉంచమని నాకు చెప్పారు. దిమ్మ ముక్కలో మొన మాత్రమే దిగింది. రోడ్డు తారులో లోతుగా దిగింది. సందులోని తారు ఆ రెంటికీ మధ్యలో ఆగింది.

"చెప్పండి లాయరు గారూ, కొట్టు సరుకు మంచిదా, నా సరుకా?" అని నా వాదనల సంగతి తెలిసిన ఆయన నన్నే అడిగారు.

"కొట్టుదే."

"అయితే రేపటి నుంచి రోడ్డుకు అదే పోస్తా. లారీ ఎక్కగానే పగిలితే మీ తాతయ్య వచ్చి అతుకుతాడా?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నిదానంగా విడమరిచారు. వేడి గాలి పట్టించి గట్టిపరిచిన తారు ఎండకు జారకూడని కప్పులకూ సందులకూ పనికొస్తుంది. రోడ్డు తారు రాళ్లను పట్టి ఉంచుతూనే చక్రం కింద కాస్త లొంగాలి. అందులోనూ చలిసీమకు పలుచని పదో నంబరు, మన ఎండలకు ముప్పై, బరువు లారీలు తిరిగే దారులకు నలభై. నీళ్లతో కలిసి, కాచే పని లేకుండా చల్లగానే పోసే గోధుమరంగు రకం ఇంకొకటి. దేనికన్నది తేలకుండా ఏది మంచిదంటే ఎవరూ చెప్పలేరన్నారు.

సందులో ఉన్నది కొట్టు తారూ కాదు, తన తారూ కాదు, రెండూ కలిసిందని ఆయనకు తెలిసిపోయింది. డబ్బా ఎవరికిచ్చారో ఆయనకు గుర్తుండకుండా ఉండదు. అయినా నా వైపు చూడలేదు. కిరసనాయిలు గుడ్డతో ఆ దబ్బనాన్ని తుడుస్తూ కూర్చున్నారు. అంత చిన్న ఇనుప మొనను అంతసేపు తుడవాల్సిన పనే లేదు. ఆ ఆలస్యం నా కోసమేనని అర్థమై ముందుకు వచ్చాను.

"తాతయ్యా, కొట్టాయన తప్పేం లేదు. నేనే కలిపాను."

తాతయ్య పడవ మీది నల్లచారను వేలితో తుడిచారు. "లోకంలో ఉన్నవన్నీ అడుగుతావు కదే. ఇదొక్కటీ అడగలేకపోయావా?" అన్నారు. తర్వాత ఆ నలుగురి వైపు తిరిగి, కొట్టు గురించి తానన్న మాట తప్పని ఒప్పుకున్నారు.

మర్నాడు ఊరి పడవలన్నీ సముద్రం మీదికి వెళ్లిపోయాయి. ఖాళీ అయిన తీరంలో మా పడవ ఒక్కటే మిగిలింది. మేస్త్రి గారు ఇచ్చిన గీకుడు రేకులతో నేనూ తాతయ్యా ఒక్కొక్క సందునూ శుభ్రం చేస్తూ కూర్చున్నాం. నా అరచేతులకు పట్టిన నలుపు చాలా రోజుల వరకూ వదల్లేదు.

ఆ తర్వాత కాలేజీ వేదికల మీదా, వాటి బయటా ఎన్నో వాదించాను, కొన్ని గెలిచాను. ఎదుటి మనిషి తప్పును నిరూపించే మాట నాలుక చివరికి వచ్చినప్పుడల్లా, ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి ముందు నా చేతులు చూసుకుంటాను.