ఫ్యాను కట్టేసిన గదిలో కొత్త పురుగు

ఏలిక్కుట్టి టీచర్ ల్యాబులో పురుగుల పెట్టె తెరిచే ముందు ఫ్యాను కట్టేస్తుంది. కోళిక్కోడ్ ఉక్కపోతకి చొక్కాలు వీపుకి అంటుకుపోతున్నా ఎవరూ స్విచ్చు జోలికి పోరు. పక్కబల్ల దగ్గర పనిచేసే శిష్యుడు జాఫర్ మాత్రం పొద్దుట్నుంచీ చెమటని తిడుతూనే ఉంటాడు. పొట్టి రెక్కలతో సగం ఒళ్లే కప్పుకుని, తేలులా తోకెత్తి పరిగెత్తే ఆమె పురుగులు గాలికి ఎగిరిపోయేలా ఆవగింజంత ఉంటాయి మరి. ఇన్నాళ్లూ ఆడవే దొరికిన వయనాడు పురుగుల్లో ఇవాళ ఒక మగది దొరికింది. మగదాని జననాంగం చూస్తే గాని కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు. టీచర్ ఊపిరి బిగబట్టి, ఆ అంగాన్ని సూదిమొనతో పురుగు ఒంట్లోంచి బయటికి తీసి, మొన మీదే ఉంచి భూతద్దం కింద పెట్టింది.

"కొస మూడుగా చీలింది జాఫర్. ఇలాంటిది లోకంలో ఎవరూ చూడలేదు" అంటూ ఆనందం పట్టలేక గట్టిగా ఊపిరి వదిలింది. మొన మీది నలుసు ఎగిరిపోయింది.

"ఫ్యానుకైతే స్విచ్చుంది టీచర్. మీకెక్కడ పెట్టించాలి?" అంటూనే జాఫర్ మోకాళ్ల మీద కూలబడి నేలంతా వెతికాడు. టీచర్ చూపు అతని ముంజేతి మీద ఆగింది.

"కదలకు మోనే, నాయనా" అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "నువ్వు తిట్టిన చెమటే దాన్ని పట్టుకుంది."