భూపాలపల్లి రూటర్‌కు నేను వేసిన తాళం

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను నేను దూరం నుంచే గుర్తుపడతాను. బస్సు దిగి ఇంటిదారి పట్టినా మెడలో ఆఫీసు కార్డు తీయరు. ఆ రోజుల్లో నేనూ తీసేదాన్ని కాదు. జనగామలో పని ముగించుకుని తరిగొప్పుల ఆటో ఎక్కి, ఒళ్లో ఎవరిదో వంకాయల సంచి పెట్టుకుని కూర్చున్నా సరే, కార్డు మాత్రం చున్నీ మీదికి కనబడేటట్టు సర్దుకునేదాన్ని. (ఆటోలో వాళ్లంతా నన్ను కరెంటాఫీసు పిల్ల అనుకుంటున్నారని చాలా రోజులకు తెలిసింది. ఒకామె తన మీటరు వట్టిగనే తిరుగుతున్నదని నాకు ఫిర్యాదు కూడా చేసింది. చూస్తానని చెప్పాను.) మనకు ఏదో వచ్చుననే ధీమా మనిషికి జీవితంలో ఒక్కసారే అంత నిండుగా ఉంటుందేమో. నాకు అది సుమారు ఒక వానాకాలం పాటు ఉండి, ఒక పొద్దటిపూట పోయింది. ఎట్లా పోయిందో చెబుతాను.

మా ఆఫీసు అంటే ఒక ప్రైవేటు దవాఖానలో మెట్ల కింద గది. ఆ దవాఖానకు జనగామలో పెద్ద బ్రాంచి, మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి చిన్నవి ఉండేవి. ఆ మూడు చోట్ల కంప్యూటర్లనూ ఒకదానితో ఒకటి కలిపి, అవి తెగిపోకుండా చూసుకోవడం మా పని. మేమంటే ఇద్దరమే, నేనూ మా సారూ. ఆయన ‘జర’ లేకుండా మాట మొదలుపెట్టడు కాబట్టి నేను లోపల ఆయనకు జర సార్ అని పేరు పెట్టుకున్నాను. చిన్న బ్రాంచీల్లో స్కానింగులు తీసేవాళ్లు ఉండేవాళ్లు గాని వాటిని చదివే డాక్టరు లేరు. అక్కడ తీసిన స్కాను తీగ మీద జనగామ వస్తే, మా గదికి సరిగ్గా పై అంతస్తులో కూర్చున్న డాక్టరమ్మ చూసి ఏముందో చెప్పేది. ఆ తీగకు ఆ కొసనా ఈ కొసనా కాపలా ఉండే డబ్బానే రూటర్.

ఆ పొద్దున నేను భూపాలపల్లి రూటర్ రాసుకున్న చిట్టా చూస్తుంటే, ఎక్కడివాళ్లో తెలియదు, రూటర్‌లోకి దూరాలని పాస్‌వర్డు మీద పాస్‌వర్డు కొట్టి చూస్తున్నారు. సార్‌కు చూపించాను. ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకుని రైలుకు బయల్దేరుతున్నాడు.

“జర గట్టిగ బందోబస్తు చెయ్యమ్మా. నేను మానుకోట పోతున్న, గాడ ప్రింటర్ సతాయిస్తున్నదట” అన్నాడు. (మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు.)

“నేను చేస్త సార్. యాక్సెస్ లిస్టు పెడత.”

“నేనొచ్చేదాక ఆగుతవా జర?”

“ఎందుకు సార్, నాకొచ్చు” అన్నాను.

యాక్సెస్ లిస్టు అంటే రూటర్‌కు మనం రాసిచ్చే హుకుం. ఫలానా చిరునామా నుంచి వచ్చేవాళ్లను రానియ్యి, ఫలానావాళ్లను ఆపు అని ఒక్కొక్క వరుసగా రాస్తాం. రూటర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. అందులో ఒక మెలిక ఉంది. ఎవరి సంగతి మనం రాయలేదో వాళ్లను అది ఆపేస్తుంది. చివర్లో ‘మిగతా వాళ్లందరినీ ఆపు’ అనే వరుస కంటికి కనబడకుండా దానంతట అదే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు సార్ నన్ను అడిగిన ప్రశ్న ఇదే. గడగడా చెప్పాను. నా ఉద్యోగం వచ్చిందే ఆ జవాబుకు.

అయినా ఆ పొద్దున నా మనసంతా దొంగల మీదే ఉంది. కూర్చుని వాళ్ల చిరునామాలన్నీ ఒక్కొక్కటిగా ఏరి, ఇతన్ని ఆపు, ఇతన్ని ఆపు అని చక్కగా రాసుకుంటూ పోయాను. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. భూపాలపల్లి రూటర్ గడపకు ఆ లిస్టు తగిలించి ఎంటర్ కొట్టాను. అలవాటు కొద్దీ వెంటనే దాన్ని భద్రపరిచే హుకుం కూడా టైపు చేశాను. తెర మీద అక్షరాలు పడలేదు. మళ్లీ కొట్టాను. పడలేదు. కీబోర్డు తీగ ఊడిందేమోనని బల్ల కిందికి వంగి చూశాను. (ఊడలేదు. ఊడి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.) బల్ల కింది నుంచి లేచేసరికి అర్థమైంది. దొంగలను ఆపమని రాశాను గాని, మనవాళ్లను రానిమ్మని ఒక్క వరుసా రాయలేదు. రూటర్ అక్కడి దవాఖాన కంప్యూటర్లనూ, స్కానింగు మిషన్‌నూ, జనగామలో కూర్చున్న నన్నూ అందరినీ కలిపి ఆపేసింది. అది బుద్ధిగా చెప్పిన మాట విన్నది, అంతే.

మొదట అంత భయం వేయలేదు. బిల్లింగు కాసేపు ఆగుతుంది, సార్‌తో నాలుగు మాటలు పడతాను అనుకున్నాను. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. డాక్టరమ్మ నా గుమ్మంలో నిలబడింది. ఆమె మా గదికి రావడం అదే మొదటిసారి.

“భూపాలపల్లి స్కాను వస్తలేదేందమ్మా?”

“ఏ స్కాను మేడమ్?”

“ట్రాక్టరు మీంచి పడ్డడంట ఒక పిల్లగాడు. పత్తి బస్తాల మీద కూసోని వస్తుంటె జారిండంట. తలకు తీసిన్రు. వాంతి చేసుకుంటున్నడు.”

“ఫొటో తీసి పంపమనండి మేడమ్, ఫోన్‌ల” అన్నాను.

ఆమె తన ఫోను నా ముందు పెట్టింది. అక్కడి స్కానింగు అన్న తెరను ఫోనుతో ఫొటో తీసి అప్పటికే పంపాడు. నలుపూ తెలుపుల పుర్రె మీద ఫ్యాను రెక్క అడ్డంగా పడి ఉంది.

“ఇది ఫ్యాను నీడనో రక్తమో నేనెట్ల చెప్పాలె? మంచిగుంటె ఆడనే ఉంచచ్చు. లోపల రక్తం ఉంటె వరంగల్ పంపాలె, పంపేముందే ఆడి డాక్టర్లకు చెప్పి తయారుగ ఉంచాలె. కొద్దిసేపు చూస్త. రాకుంటె ఏముందో తెల్వకుండనే పంపుడైతది” అన్నది. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. అరిచినా బాగుండేది.

సార్‌కు ఫోను చేశాను. రైల్లో ఉన్నాడు. నేను చెప్పింది ఆయనకు ఎంత వినబడిందో తెలియదు గాని, ఆయన చెప్పిన దాంట్లో నాకు “జర... జర...” అని మాత్రమే వినబడి లైను పోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. నేనే వెళ్దామంటే హన్మకొండ పోయి, పరకాల దాటి, భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని ఆలోచించాను. రూటర్‌ను ఒకసారి కరెంటు తీసి పెడితే, భద్రపరచని మాటలన్నీ మరిచిపోయి పాత పద్ధతిలో లేస్తుంది. మరి నేను భద్రపరిచానా? ఆ హుకుం రెండుసార్లు కొట్టాను. అదే అందితే నా లిస్టు అందులో శాశ్వతంగా కూర్చున్నట్టే. కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి తలుచుకున్నాను. అక్షరాలు తెర మీద పడలేదు. తలుపు మూసుకున్నాక కొట్టిన మాట లోపలికి ఎట్లా పోతుంది? పోదు. పోలేదు. పోలేదనే అనుకున్నాను.

భూపాలపల్లి స్కానింగు అన్నకు ఫోను కలిపాను. “నేను ఈణ్నుంచి కదిలేటట్టు లేదు చెల్లె, పిల్లగాన్ని పట్టుకొని ఉన్న. రూటర్ గది తాళంచెవి అవ్వ కాడుంటది, ఆమెకు ఇస్తున్న” అని ఫోను చేతులు మార్చాడు. అవ్వ అంటే అక్కడ ఊడ్చే ఆయమ్మ అని సార్ చెప్పగా విన్నానే గాని ఎన్నడూ చూడలేదు.

“అవ్వా, నేను జనగామ నుంచి, కంప్యూటర్ల పిల్లను. గదిల ఒక నల్ల డబ్బా ఉంటది. దాని ప్లగ్గు తీసి మళ్ల పెట్టాలె.”

“నేను ప్లగ్గులు ముట్ట బిడ్డా.”

“ఒక్కసారే అవ్వా.”

“ఒక్కసారే ముట్టిన మొన్న. ఫోను చార్జింగు పెట్టుకుందామని తీస్తె అది మందుల ఫ్రిజ్జుదాయె. అంబులెన్సు డ్రైవరు కాడికెల్లి అందరు తిట్టిన్రు. ఇగ ముట్టనని ఒట్టేసుకున్న.”

డాక్టరమ్మ ఫోను తీసుకుంది. “అవ్వా, నేను డాక్టరమ్మను చెప్తున్న, తియ్యి” అన్నది. ఆమెకు ఆ వారమంతా జలుబు.

“డాక్టరమ్మ గొంతు నాకెర్కనే. గిట్లుండది” అన్నది అవ్వ.

వెనక నుంచి ఒక మగగొంతు వినబడుతోంది. పడ్డ అబ్బాయి వాళ్ల అన్న కావచ్చు. “పోవాల్నా, ఉండాల్నా? ఏదో ఒకటి చెప్పున్రి సారూ” అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఫోను మళ్లీ నేను తీసుకున్నాను. గొంతు సర్దుకుని, రూటర్ అంటే ఏమిటో, లిస్టు అంటే ఏమిటో, భద్రపరచడం అంటే ఏమిటో, కరెంటు తీస్తే అది ఎందుకు మరిచిపోతుందో అవ్వకు శాస్త్రీయంగా, వరుసగా వివరించాను. అవతల తాళం తీసిన చప్పుడైంది.

“చెప్పు బిడ్డా, యాడుంది?”

నా వివరణ పనిచేసిందని ఆ కంగారులోనూ నాకు కాస్త గర్వం కలిగింది.

“నల్ల డబ్బా అవ్వా, దీపాలుంటయి.”

“దీపాలు అన్నిటికున్నయి. నల్లయి మూడున్నయి.”

“నీలం తీగలు ఎక్కువ దేనికున్నయో చూడు.”

“ఇగో తీసిన” అన్నది. వెంటనే హాల్లో జనం గోలగా ఏదో అన్నారు. టీవీకి బొమ్మలిచ్చే డబ్బా తీసింది. సీరియల్ పోయింది. “అది కాదవ్వా, పెట్టు, పెట్టు” అన్నాను. రెండోది తీయబోతే అది కెమెరాల డబ్బా అని గోడకు రాసి ఉందని గుమ్మంలోంచి ఎవరో చదివి ఆపారు. మూడోది తీసింది. మెల్లగా పది దాకా లెక్కపెట్టమన్నాను. మళ్లీ పెట్టమన్నాను.

ఆ రూటర్ లేవడానికి పట్టే సమయం మామూలుగా టీ తాగే అంత. ఆ రోజు మాత్రం డాక్టరమ్మ తెర వంక, నేను తెర వంక, ఇద్దరమూ చూస్తూ కూర్చున్నాం. అవ్వ అక్కడి నుంచి చూసింది చూసినట్టు చెబుతోంది. “ఒకటి వెలిగింది. ఆరింది. ఎర్రగైంది. మళ్ల ఆరింది. ఇగ ఊకున్నది బిడ్డా.” ఊకున్నది అంటే ఇక ఏ దీపమూ వెలగడం లేదన్నమాట. నా లిస్టు భద్రపడిందేమో, ఇక అయిపోయిందేమో అనుకున్నాను. “ఇగో, పచ్చగ కొట్టుకుంటున్నది” అన్నది అవ్వ. నా తెర మీద భూపాలపల్లి జవాబిచ్చింది. డాక్టరమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది.

లోపల చిన్న రక్తపు గడ్డ ఉంది. వరంగల్ పంపారు. అంబులెన్సు చేరేసరికి అక్కడ డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. కొన్నాళ్లకు ఆ అబ్బాయి ఇంటికొచ్చాడని, కొంచెం మతిమరుపు ఉందిగాని అది ముందు నుంచీ ఉన్నదేనని వాళ్ల అన్న చెప్పాడని విన్నాను. సాయంత్రం సార్ వచ్చాడు. అంతా విన్నాడు. “రేపు పొద్దుగాల భూపాలపల్లి పోయి, రూటర్ ముందట కూసోని చెయ్యి” అన్నాడు. అందులో జర లేదు. ఆయనకు ఎంత కోపం వచ్చిందో నాకు దాంతో తెలిసింది.

మర్నాడు వెళ్లాను. డబ్బా ముందే కుర్చీ వేసుకుని, తీగ నేరుగా దానికి గుచ్చి, ముందు మనవాళ్లను రానిమ్మని రాసి, ఆ తర్వాతే దొంగల జోలికి పోయాను. పని సగంలో ఉండగా వెనక నుంచి చాయ్ గ్లాసు వచ్చింది. చీర చెంగు నడుముకు దోపుకున్న పొట్టి మనిషి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నిన్న ఫోన్ల ఏడ్చిన పిల్లవు నువ్వేనా?”

“నేను ఏడవలేదవ్వా. నీకు వివరంగ చెప్పిన గద.”

“ఏం చెప్పినవో ఒక్క ముక్క సమజ్ కాలె. ఎక్కిళ్లు వెట్టుకుంట ఏదో అంటున్నవు. గంత ఏడుస్తున్నవని ముట్టుకున్న గాని, లేకుంటె నేనెందుకు ముట్టుకుంట” అని, “తాగు, సల్లారుతది” అన్నది.

ఇప్పుడు నాకంటే చిన్నవాళ్లకు నేనే పని నేర్పుతున్నాను. నా గొంతు నిలకడగా ఉంటుందని వాళ్లు అంటుంటారు. నిజమే కావచ్చు. కాని మెట్ల కింది ఆ గదిలో, చేతులు తొడల కింద పెట్టుకుని, తాను ఏడుస్తున్న సంగతి తనకే తెలియకుండా ఒక ఆయమ్మకు రూటర్ పాఠం చెబుతున్న ఆ పిల్ల ఇవాళ ఎదురైతే, పాఠంలో తప్పేమీ లేదని చెప్పి, ముందు ముక్కు తుడుచుకోమని చేతిరుమాలు ఇస్తాను.