ఆర్విల్ కొట్టిన గంట

ఒరెగాన్ కలప మిల్లుల ఊరు కోల్టన్ ఫాల్స్‌లో ఆర్విల్ స్టాడ్ అంటే తెలియనివాళ్ళు లేరు. హైస్కూలుతో చదువు ముగించి రంపపు మిల్లులో చేరినా, జిల్లాలో రెండు మైళ్ళ పరుగు రికార్డు ఆయనదే. కాలిన బొగ్గు చిట్టెం పరిచిన గరుకు ట్రాక్ మీద, జోరువానలో సాధించిన రికార్డది! అప్పట్లో పడ్డప్పుడు మోకాలిలో దిగిన చిట్టెం, నల్ల చుక్కలై నేటికీ చర్మం కిందే ఉంది. అడగడమే ఆలస్యం, ప్యాంటు పైకి లాగి చూపిస్తాడు. మైదానం కంచె మీది బోర్డులో ఆయన పేరును అర్ధశతాబ్దంగా ఎవరూ చెరపలేకపోయారు.

పోటీల్లో చివరి చుట్టు మొదలైందని గంట కొట్టే గౌరవం ఆయనది. ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో చూపే అంకెలు తిప్పేది డార్లా. ఇద్దరికీ బడినాటి స్నేహం, బడినాటి తగాదా.

ఆ శనివారం రెండు మైళ్ళ పరుగులో ఎఫ్రెన్ అనే కుర్రవాడు మొదటినుంచే దూసుకుపోతున్నాడు. ఈ ఊపు ఆగకపోతే బోర్డు మీద పేరు మారుతుంది.

"చూశావా ముసలోడా! మీ కాలంలో ఇలాంటోడు ఉన్నాడా?" అంది డార్లా.

"టోక్యో ఒలింపిక్స్‌లో మన బిల్లీ మిల్స్ బంగారం కొట్టింది చిట్టెం మీద! వీళ్ళకేమో మెత్తటి ట్రాకు, ఎగిరించే బూట్లు."

"మరి ఈ కాలపు ఫిషర్? ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు!"

"కంచువేగా! మా కాలపు షార్టర్ ఒలింపిక్ మారథాన్‌లో తెచ్చింది బంగారం."

డార్లా కుర్చీ మొత్తం ఆర్విల్ వైపు తిప్పి వేలు చూపించింది. "పతకం పక్కనోళ్ళని బట్టి వస్తుంది. గడియారం ఎవరికీ చుట్టం కాదు, తెలుసా?"

సరిగ్గా అప్పుడే ఎఫ్రెన్ ఆమె వీపు వెనకనుంచి గీత దాటిపోయాడు. డార్లా తిరిగి చూసేసరికి ఎఫ్రెన్‌లాగే పచ్చ బనీను వేసుకున్న, వెనకబడ్డవాడొకడు కాళ్ళీడ్చుకుంటూ గీత దాటుతున్నాడు. వెనక అలికిడి వాడిదేననుకుంది, అంకె మూడు దగ్గరే ఉండిపోయింది.

ఆర్విల్ చూశాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

ఇక్కడ గడియారాలు పట్టుకున్నవాళ్ళు కూడా గంటనే నమ్ముతారు. గంట మోగకపోతే ఎఫ్రెన్ బలం దాచుకుంటాడు, ఒక చుట్టు ఎక్కువ పరిగెడతాడు. రికార్డు పదిలం. తప్పు డార్లాది, తనది కాదు.

ఎఫ్రెన్ మరో చుట్టు పూర్తి చేస్తూ మలుపు తిరిగాడు. డార్లా అంకె తిప్పింది: రెండు. ఆర్విల్ గంట తాడు అందుకున్నాడు. కుర్రవాడు దగ్గరికొచ్చేశాడు.

ఖంగుమని గంట మోగింది.

"మతి పోయిందా? ఇంకా రెండున్నాయి!" డార్లా అరిచింది.

"నాతో పోట్లాడుతుంటే ఒకటి నీ వెనకనుంచి పోయింది!"

ఎఫ్రెన్ తడబడ్డాడు. అంకె కేసి చూశాడు, ఆర్విల్ కేసి చూశాడు. రెండింటిలో ఏది నమ్మాలి?

ఆర్విల్ మళ్ళీ బాదాడు. "ఉరుకు! ఆఖరిదిరా, ఉరుకు!"

ఉరికాడు. గడియారాలు ఆగాయి. జనం కంచె ఎక్కి కేకలు పెట్టారు. రికార్డు పోయింది.

కాసేపటికి ఎఫ్రెన్ రొప్పుతూ వచ్చాడు. "స్టాడ్ గారూ, అంకె రెండంది. గంట మీది కాబట్టి నమ్మాను."

డార్లా ముఖం ఎర్రబడింది. అయినా ఊరుకుంటుందా? "ఇప్పుడైనా ఒప్పుకో. నీకంటే వీడే గొప్ప."

ఆర్విల్ నింపాదిగా వంగి ప్యాంటు పైకి లాగాడు.

"ముందు వాడి మోకాలు చూపించమను."