అన్నం గిన్నెతో చేసిన ట్రాకులు

మా పెద్దమ్మ పోయింది. కాలవలు కట్టేసిన ఈ వేసవిలోనే, ధవళేశ్వరంలో తన అద్దె వాటాలో, మధ్యాహ్నం మాగాయతో పెరుగన్నం తిని పడుకుని మరి లేవలేదు. రాజమండ్రిలో ఉన్న నాకు ఆ కబురు తెచ్చిన పక్కవాటా ఆయన, సైకిలు దిగకుండానే ఒక కాలు మా అరుగు మీద ఆనించి, “టాంకు టీచరుగారు వెళ్ళిపోయారండీ” అన్నారు.

జీవితమంతా ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఊరు ఇచ్చిన చివరి బిరుదు అది. దాన్ని అవమానంగా తీసుకోవాలని బంధువుల్లో కొందరు నాకు సలహా ఇచ్చారు. నేను తీసుకోలేదు. ఆవిడైనా తీసుకునేది కాదు. “లెక్కల టీచర్లు ఊరికిద్దరుంటారు. టాంకు టీచరు జిల్లాలో నేనొక్కదాన్నే” అని ఓసారి నాతోనే అంది.

కబురు విన్న ప్రతివాళ్ళూ “పాపం, ఒక్కతే ఉండి పోయింది” అంటున్నారు. ఆ ‘పాపం’ అనే మాట మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పాఠకమహాశయుల సమక్షంలో దాన్ని నమోదు చెయ్యడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు టాంకు సంగతి. పెదనాన్న పోయిన కొన్నాళ్ళకి, ఆవిడ మరిది, ఓడలో పనిచేసేవాడు, “జపాన్ వెళ్తున్నాను వదినా, నీకేం తేను?” అని అడిగాడు. ఇంటిల్లిపాదీ ఆవిడ తరఫున జవాబులు చెప్పారు. నైలెక్స్ చీర అన్నారు, టూ-ఇన్-వన్ అన్నారు, చేతివాచీ అన్నారు. ఆవిడ మాత్రం మరిది బ్యాగులోని రంగుల క్యాటలాగు తిరగేసి ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. అది రేడియో కంట్రోల్ యుద్ధ టాంకు.

“అదెందుకు వదినా నీకు?”

“అవసరమై కాదయ్యా, ఇష్టమై. అవసరమైతే ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. ఇష్టానికే కదా పోట్లాడి తెచ్చుకోవాల్సింది!”

టాంకు వచ్చింది. చెప్పుల పెట్టెకి కాస్త పెద్దది. చేతిలోని డబ్బాకున్న రెండు పుల్లలు కదిపితే చాలు, తీగా తాడూ లేకుండా ముందుకీ వెనక్కీ పోయేది. చక్రాల చుట్టూ గొలుసులా తిరిగే పట్టీలు ఉండేవి, వాటినే ట్రాకులంటారు. ఇంటికొచ్చినవాళ్ళకి పెద్దమ్మ ఆ టాంకు వీపు మీద వక్కపొడి డబ్బా పెట్టి పంపేది. ఉతికిన జేబురుమాలు దాని ఫిరంగి గొట్టానికి ఆరేసేది. వక్కపొడి సరఫరాకీ జేబురుమాళ్ళ ఆరబోతకీ అంకితమైన యుద్ధ టాంకు ప్రపంచంలో ఇదొక్కటేనని నా నమ్మకం. కాదనే సైన్యాలుంటే రుజువు చూపాలి.

అయితే జపాన్ ఇంజనీర్లు వరండాలను దృష్టిలో పెట్టుకున్నారే గాని కాలవ గట్లను పెట్టుకోలేదు. కంకర మీద నడిచి నడిచి ఆ ప్లాస్టిక్ ట్రాకులు ఒక్కొక్క లంకే తెగుతూ వచ్చి, ఓ ఉదయం పూర్తిగా ఊడిపోయాయి. మరిది ఓడ ఎప్పుడొస్తుందో ఆ సముద్రానికే తెలియాలి.

“ఇనుముతోనో ఇత్తడితోనో ఇక్కడే చేయిద్దాం” అంది పెద్దమ్మ.

సరిగ్గా అప్పుడే భీమవరం దగ్గర్నుంచి మావయ్య అంబాసిడర్ కారేసుకుని వచ్చాడు. మావయ్య పెద్దమ్మకి తమ్ముడు. మంచి భూవసతి, అంతకంటే మంచి గొంతు ఉన్న మనిషి. అక్కయ్యని తన ఇంటికి తీసుకుపోవాలని ఆయన పట్టు. వచ్చేసరికి అక్కయ్య నేల మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, టాంకు కడుపు విప్పుతోంది.

“ఏంటక్కయ్యా ఇది? ఈ వయసులో బొమ్మలాటలేంటి? ఒక్కదాన్నే వదిలేశారు, బుర్ర పాడైందని ఊళ్ళో అనుకోరూ?”

“అనుకోనీరా. వాళ్ళకీ కాలక్షేపం కావాలిగా.”

“అక్కడ నీకు గది సిద్ధం చేయించాను. ఫ్యాను పెట్టించాను. పనిమనిషి ఉంది. నీకేం లోటు చెప్పు?”

“తలుపు.”

“తలుపుందిగా!”

“ఉంది. లోపలినుంచి గడియ నేను పెట్టుకుంటే, తియ్యమని బయట ఎంతమంది కొడతారో లెక్క చెప్పు.”

మావయ్యకి కోపమొచ్చింది. ఇంటి వెనకాల పంట కాలవ ఉంది. వేసవి కదా, పైన లాకులు మూసేస్తే నీళ్ళు పోయి అడుగున నల్లటి మెత్తటి బురద తేలింది. ఆయన దొడ్డిగుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు.

“సరే. ఆ బొమ్మ ఈ కాలవలో దిగి అవతలి గట్టు ఎక్కిందా, ఈ జన్మలో నిన్ను రమ్మనను. ఎక్కలేదా, మారుమాట లేకుండా సామాను సర్దుకుని కారెక్కాలి. బురద ఎండి బీటలు తీశాక నడిపిస్తే కుదరదు. పచ్చిగా ఉండగానే దాటాలి.”

ఇలాంటి పందేల్లో పెద్దవాళ్ళు సాధారణంగా నవ్వేసి ఊరుకుంటారు. మా పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని, “వచ్చే ఆదివారం రా” అంది.

ఆ వారం ఆ వరండాలో జరిగినవాటికి పెళ్ళిచూపులని తప్ప వేరే పేరు పెట్టలేను. పెళ్ళికూతురు పీట మీద కూర్చుంది, ట్రాకులు లేకుండా. సంబంధాలు వరసగా వచ్చాయి.

మొదటిది సైకిల్ చైను. గట్టి పిండమే, కానీ మరీ సన్నం. బేసిన్లో కాలవ బురద పోసి నడిపితే కత్తిలా దిగబడింది. పైగా దాని కన్నాలకీ టాంకు పళ్ళచక్రానికీ జాతకాలు కలవలేదు. మూడు పళ్ళకోసారి కటకటమని తప్పుకునేది.

రెండోది వాచీ చైను. సాగే రకం స్టీలు చైన్లు ఎవరెవరికున్నాయో వాళ్ళందరి మణికట్లూ ఆ వారం ఖాళీ అయ్యాయి. ఆ వేసవి ఆవిడ దగ్గరికి వచ్చిపోతూ ఉన్న నాకు, డిగ్రీ పాసైనందుకు కొనిపెట్టిన వాచీ చైను కూడా దేశసేవకే వెళ్ళింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాస్త బరువు పడగానే సాగి, చక్రం మీంచి జారి పక్కకి పడిపోయింది. “ఒరేయ్ బీయస్సీ, మెత్తటి సంబంధం రా ఇది. అందరికీ సాగుతుంది” అంది పెద్దమ్మ.

మూడోది ఇత్తడి. పెళ్ళిబిందెలు చేసే ఆయన దగ్గర కూర్చుని, లంకె లంకే దగ్గరుండి చేయించింది. పళ్ళచక్రానికి అచ్చంగా సరిపోయింది. గచ్చు మీద నడిస్తే దేవుడి ఊరేగింపులా గలగలలాడింది. చింతపండుతో తోమితే బంగారమే. ఆవిడ మురిసిపోయి ఇంక బేసిన్లో దింపి చూడనే లేదు.

ఆదివారం మావయ్య వచ్చాడు. సగం వీధి గట్టు మీద చేరింది. ఇత్తడి ట్రాకుల టాంకు, గొట్టానికి తెల్ల రుమాలుతో, ఠీవిగా గట్టు దిగి, బురదలో రెండు బారలు పోయి, మెల్లగా, చాలా గౌరవంగా, మునగడం మొదలుపెట్టింది. రుమాలు ఒక్కటే పైకి మిగిలింది.

“అప్పుడే తెల్ల జెండా ఎత్తేశావేంటక్కయ్యా!” అని మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

“జెండా కాదురా. ఆరేశాను.”

పరాభవం అక్కడితో ఆగిపోయేదే. మావయ్య వెళ్ళి కారు తలుపు తీస్తే సరిపోయేది. కానీ ఆయన పుట్టుకతో డెల్టా రైతు. బురదలో ఎవరైనా తప్పు చేస్తుంటే చూసి ఊరుకోవడం ఆయన రక్తంలో లేదు.

“ఏ రైతైనా ఊడ్పుచేలోకి ఇత్తడి చక్రాలేసుకుని దిగుతాడా? బురదలో బరువు పెట్టకూడదే! బురద చేను దున్నేటప్పుడు ట్రాక్టరుకి వేసే దమ్ము చక్రాలు చూళ్ళేదా ఎప్పుడూ? వెడల్పుగా ఉంటాయి, మధ్యలో అంతా ఖాళీ ఉంటుంది, పట్టేవి అడ్డపట్టీలే. బురద ఆ ఖాళీల్లోంచి జారిపోవాలి. ఎంత చదువుకుని ఏం లాభం!”

“ఏమన్నావు? మళ్ళీ చెప్పు.”

మావయ్య మళ్ళీ చెప్పాడు. చెప్పడమే కాదు, పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, కర్రపుల్లతో గట్టు మీద బొమ్మ గీశాడు. పట్టీకీ పట్టీకీ మధ్య ఎంత జాగా ఉండాలో బొటనవేలుతో కొలిచి చూపించాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుని, బడిలో ముందు బెంచీ పిల్లలా తలూపుతూ విన్నది. అంతా అయ్యాక లేచి చీర దులుపుకుంది.

“బురద ఇంకా పచ్చిగానే ఉంది కదరా తమ్ముడూ? పై ఆదివారం రా.”

మావయ్య తను గీసిన బొమ్మ వైపు చూసుకున్నాడు. కర్రపుల్ల విసిరేశాడు. కారెక్కాడు.

తేలిగ్గా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, తుప్పు పట్టకూడదు. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళి అల్యూమినియం అన్నం గిన్నె తెచ్చి నా ముందు బోర్లించింది.

“దీన్ని కోసెయ్.”

“మరి అన్నం?”

“చిన్న గిన్నెలో వండుకుంటాను. ఒక్కదాన్నేగా, ఊరంతా అంటున్నారుగా.”

బురదలోంచి తీసిన టాంకుని కడిగి ఆరబెట్టాం. రేకు కత్తెరతో పట్టీలు కోశాం. మధ్యలో కిటికీల్లా ఖాళీలు తీశాం. ఆకురాయితో అంచులు నున్నగా రాశాం. లంకెలు కలపడానికి విరిగిన గొడుగు ఊచల్ని మేకుల్లా తుంచి దూర్చాం. అప్పుడు నేను, పట్టభద్రుణ్ణి గనక, స్టీలు మేకుల దగ్గర అల్యూమినియం తొందరగా అరిగిపోతుందని శాస్త్రప్రకారం హెచ్చరించాను.

“అరుగుతుంది. అరిగితే ఇంకోటి చేసుకుంటాం. గిన్నెలో ఇంకా సగం ఉంది” అందావిడ. ఆ సగాన్నీ అప్పుడే లంకెలుగా కోయించి, ఖాళీ ఆవకాయ జాడీలో పోసి మూత పెట్టింది.

ట్రాకు బిగుతు విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. నేను లాగి బిగిస్తే ఒక లంకె కలిపి వదులు చేసేది. “ఊపిరాడనియ్యరా దానికి. బిగించిపెడితే మోటారు దానితో కొట్టుకోడానికే సరిపోతుంది, నడవడానికేం మిగలదు.” ఆ మాట టాంకు గురించే అన్నదని చాలాకాలం అనుకున్నాను.

ఆ ఆదివారం పెద్దమ్మ ఇవతలి గట్టు మీద, చేతిలో పొడుగాటి ఏరియల్ ఉన్న డబ్బాతో నిలబడింది. వంటింటి తాళంచెవి బొడ్లో ఉంది. మావయ్య లాకు వంతెన మీదుగా అవతలి గట్టుకి పోయి, గెలిచినవాడు నిలబడే పద్ధతిలో నిలబడ్డాడు. కారు డిక్కీ తెరిచే ఉంది, అక్కయ్య పెట్టె కోసం.

టాంకు దిగింది. ఈసారి మునగలేదు. బురద మీద తేలినట్టు, ఖాళీల్లోంచి నల్లటి ముద్దలు వెనక్కి విసురుతూ పోయింది. సగం దాటింది. అప్పుడు ఎడమ ట్రాకులో గుర్రపుడెక్క వేరు చుట్టుకుంది. టాంకు ఆగింది. మోటారు ఏడుస్తోంది. పెద్దమ్మ పుల్లలు ముందుకే తోస్తోంది.

అవతలి గట్టు నుంచి కేక వినిపించింది.

“వెనక్కి తియ్యి! అక్కయ్యా, వెనక్కి! ట్రాక్టరు ఇరుక్కుంటే ముందుకి తోస్తారా ఎవరైనా? వెనక్కి తీసి పక్కకి కొట్టు! కుడికి! కుడికి!”

మావయ్యే! గెలుస్తున్న పందెం మర్చిపోయి, పంచె మోకాళ్ళ పైకి పట్టుకుని గెంతుతున్నాడు. పెద్దమ్మ వెనక్కి తీసింది. వేరు పుటుక్కున తెగింది. టాంకు కుడికి తిరిగి, గట్టు వాలు ఎక్కి, రొప్పుతున్నట్టు మూలుగుతూ మావయ్య చెప్పుల ముందు ఆగింది. ఆయన దాన్ని ఎత్తుకుని, తెల్లటి కండువాతో బురద తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ తను ఓడిపోయానని తెలుసుకున్నాడు.

“దమ్ము చక్రాల సంగతి చెప్పింది నేనే” అన్నాడు నీరసంగా.

“కాదన్నానా? గెలుపు నీదేరా తమ్ముడూ” అంది పెద్దమ్మ ఇవతలి గట్టు నుంచే. “ఇల్లు నాది. వచ్చి భోంచేసి వెళ్ళు. చిన్న గిన్నె, రెండుసార్లు వండాలి, ఆలస్యమవుతుంది.”

ఆ తర్వాత మావయ్య నెలకోసారి వచ్చేవాడు, తీసుకుపోవడానికి కాదు, అరిగిన లంకెలు మార్చడానికి. ఎడమ ట్రాకు తొందరగా అరుగుతోందంటే నీ చెయ్యే వంకర అని తమ్ముడూ, గట్టే వంకర అని అక్కయ్యా ఒకరినొకరు తిట్టుకునేవారు. నాకు తెలిసి వాళ్ళు అంత సంతోషంగా ఎప్పుడూ లేరు.

పెద్దకర్మ నాడు ఒకావిడ ముక్కు చీది మావయ్యతో అంది: “మీరు అప్పుడే తీసుకెళ్ళి ఉంటే, ఇలా దిక్కులేకుండా…”

“పందెం ఓడిపోయానండి” అన్నాడు మావయ్య. గొంతు పెంచకుండా, ప్రతి అక్షరం విడివిడిగా. “మా అక్కయ్య చేతిలో. కాలవ మధ్యలో. ఊరంతా చూసింది. దిక్కులేదనకండి.”

ఆవిడ ముక్కు చీదడం మానేసింది.

సామాను పంచేటప్పుడు టాంకుని ఎవరో పిల్లలకి ఇచ్చేద్దామన్నారు. మావయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నన్ను పిలిచి లంకెల జాడీ తెమ్మన్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని ఎడమ ట్రాకుకి మూడు లంకెలు కొత్తవి వేశాడు. నేను లాగి బిగించబోతే చేతి మీద ఒకటి కొట్టి, ఒక లంకె కలిపి వదులు చేశాడు.

ముందురోజు వానకి కాలవ అడుగు మళ్ళీ మెత్తబడింది. ఆ సాయంత్రమే పైన లాకులు ఎత్తుతారని చెప్పుకుంటున్నారు. డబ్బా నా చేతికిచ్చి మావయ్య వంతెన దాటి అవతలి గట్టుకి వెళ్ళాడు. పెద్దమ్మ రుమాలు ఒకటి ఇంకా తీగ మీదే ఉంది. అది తీసి తడిపి, గొట్టానికి ఆరేసి వదిలాను. టాంకు ఎక్కడా ఆగలేదు. మావయ్య కాళ్ళ దగ్గర నిలబడ్డాక చూస్తే, నల్లటి బురద మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అన్నం గిన్నె పట్టీల అచ్చులు రెండు వరసలుగా పడి ఉన్నాయి.

ఇద్దరం చెరో గట్టు మీదా కూర్చున్నాం. చీకటి పడబోతుండగా పైనుంచి నీళ్ళు వచ్చాయి. పలచగా, మట్టిరంగులో, తోవ వెతుక్కుంటూ వచ్చి, కాలవంతా పరుచుకునే ముందు మొదట ఆ రెండు వరసల్లోకే దిగాయి. కాసేపు కాలవకి అడ్డంగా, ఆ గట్టు దాకా, రెండు సన్నటి నీటి చారలు మెరుస్తూ నిలిచాయి.